అమెరికాలో క్రైస్తవ హోమ్‌స్కూలింగ్: ఏ పద్ధతి ఎవరింటికి?

ఏటా ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే మా తెలుగు సంఘంలో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఎవరో ఒక చెల్లెలు పళ్ళెం పట్టుకుని నా పక్క కుర్చీలో చేరుతుంది. "అక్కా, మీరు పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నారట కదా, ఏ కరికులమ్ మంచిదక్కా?" డాలస్ శివార్లలో ఇద్దరు పిల్లలతో ఏడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మూడుసార్లు పద్ధతి మార్చాను. జవాబు పూర్తిగా చెప్పేలోపు పళ్ళెంలో పులావు చల్లారిపోతుంది, అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

ఈ హోమ్‌స్కూలింగ్ మొదట్లో పూర్తిగా క్రైస్తవుల వ్యవహారమేమీ కాదు. 1970ల్లో దీన్ని మొదలుపెట్టినవాళ్ళలో జాన్ హోల్ట్‌కు మతంతో పని లేదు, బడి పిల్లల్లో నేర్చుకునే ఆసక్తిని చంపేస్తోందన్నదే ఆయన బాధ. రేమండ్, డొరోతీ మూర్ దంపతులు అడ్వెంటిస్టులు. పసిపిల్లల్ని తొందరపడి బడికి పంపొద్దని వాళ్ళు చెప్పేవారు. క్రైస్తవ కుటుంబ సలహాదారు జేమ్స్ డాబ్సన్ తన రేడియో కార్యక్రమంలో మూర్‌ను మాట్లాడించాక ఈ సంగతి సువార్తిక సంఘాల్లోకి పాకింది. 1983లో హెచ్‌ఎస్‌ఎల్‌డీఏ అనే న్యాయ సహాయ సంస్థ పుట్టింది. కేసు మీద కేసు, చట్టం మీద చట్టం నడిచి 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. అందరూ మతం కోసమే చేస్తున్నారనుకోవద్దు. 2016 ప్రభుత్వ సర్వేలో 'అన్నిటికంటే ముఖ్యమైన కారణం ఏది' అని అడిగితే 34 శాతం మంది బడి వాతావరణం అన్నారు, మత బోధ అన్నవాళ్ళు 16 శాతమే.

ఒక మాట పక్కదారిలో. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 1842లో అమెరికా నుంచి హేయర్ దొరగారు గుంటూరు వచ్చి మొదట చేసిన పనుల్లో బడులు పెట్టడం ఒకటి. మా నాయనమ్మ ఓనమాలు దిద్దింది మిషన్ బడిలోనే. పిల్లల్ని బడి మాన్పించామని ఫోన్లో చెప్పినప్పుడు మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బడి కోసం మీ నాయనమ్మ మూడు మైళ్ళు నడిచేది. ఆ బడి పెట్టిన దేశానికే వెళ్ళి నువ్వు బడి మాన్పిస్తావా?" అంది. దానికి సరైన జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఇలాగే అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

## పుస్తకాలు కొనేముందు తేల్చుకోవాల్సినవి

బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారు? నా లెక్కలో ఇదే మొదటి ప్రశ్న, మిగతావన్నీ దీని వెనకే. చిన్న తరగతులకు రోజుకు రెండు మూడు గంటల చదువు చాలు, అది నిజమే. కానీ ఆ మూడు గంటలూ ఒక పెద్ద మనిషి ఫోన్ పక్కన పెట్టి, పొయ్యి కట్టేసి, పక్కనే కూర్చోవాలి. దిద్దడం, రేపటికి సిద్ధం చేసుకోవడం దీనికి అదనం. చంకలో ఏడాది పిల్లాడుంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. "సైన్సు నాన్న శనివారాల్లో చెప్తారు" అని మేం ఆగస్టులో రాసుకున్నాం. మా ఇంట్లో ఆ సైన్సు నవంబరు దాకా మొదలవలేదు. శనివారం కాస్ట్‌కో షాపింగ్ ఉంటుంది, క్రికెట్ ఉంటుంది, ప్రార్థన కూడిక ఉంటుంది. కాబట్టి ఉన్న మనిషిని చూసి పద్ధతి ఎంచుకోండి, ఉండాల్సిన మనిషిని ఊహించుకుని కాదు.

మీ రాష్ట్రం ఏమడుగుతుంది? టెక్సస్‌లో ఉన్న నా మాట విని పెన్సిల్వేనియాలో ఉన్న మీరు నడిస్తే ఇబ్బంది పడతారు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే రాష్ట్రాల సంగతి ఇది:

| రాష్ట్రం | ముందుగా తెలపాలా? | పరీక్ష, నివేదిక |
|---|---|---|
| టెక్సస్ | అక్కర్లేదు. ప్రభుత్వ బడిలో ఉన్న పిల్లల్ని మాత్రం ఉత్తరం ఇచ్చి తీయాలి | లేవు. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, పౌర బాధ్యత నేర్పాలి |
| న్యూజెర్సీ | అక్కర్లేదు | లేవు |
| కాలిఫోర్నియా | సొంతంగా చేస్తే అక్టోబరు 1-15 మధ్య ప్రైవేటు బడిగా అఫిడవిట్ | పరీక్ష లేదు, హాజరు రికార్డు ఉంచుకోవాలి |
| జార్జియా | సెప్టెంబరు 1 లోగా ఏటా | 180 రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు. మూడో తరగతి నుంచి మూడేళ్ళకోసారి పరీక్ష |
| నార్త్ కరొలైనా | మొదలుపెట్టేముందు నోటీసు | ఏటా పరీక్ష, హాజరు, టీకాల రికార్డు |
| వర్జీనియా | ఆగస్టు 15 లోగా | ఏటా ఆగస్టు 1 లోగా ప్రగతి రుజువు. మత కారణంతో మినహాయింపు మార్గం వేరుగా ఉంది |
| పెన్సిల్వేనియా | అఫిడవిట్ | పోర్ట్‌ఫోలియో (పిల్లవాడు చేసిన పని దాచిన ఫైలు), ఏటా మదింపు. 3, 5, 8 తరగతుల్లో పరీక్ష |
| న్యూయార్క్ | జులై 1 లోగా | ఏడాది ప్రణాళిక, మూడు నెలలకోసారి నివేదిక, ఏటా మదింపు |

టెక్సస్‌కు ఈ స్వేచ్ఛ ఊరికే రాలేదు. ఇంటి చదువు ప్రైవేటు బడి కిందికి వస్తుందా అన్న లీపర్ కేసు ఏళ్ళ తరబడి నడిచి 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పుతో తేలింది. జర్మనీలో ఉన్న తెలుగువాళ్ళకు ఒక్క మాట: అక్కడ ఇంటి చదువుకు చట్టం ఒప్పుకోదు, కాబట్టి ఈ వ్యాసం మీకు కాలక్షేపానికే.

సిద్ధాంతం ఎంత గట్టిగా కావాలి? 'క్రైస్తవ కరికులమ్' అని అట్ట మీద ఉన్నంత మాత్రాన అది మీ సంఘం నమ్మేదే చెప్తుందని లేదు. ఈ పుస్తకాలు చాలావరకు అమెరికా దక్షిణాది ఫండమెంటలిస్టు సంఘాల్లోంచి వచ్చాయి. ఆరు రోజుల సృష్టిని అక్షరాలా తీసుకుంటాయి, భూమి వయసు కొన్ని వేల ఏళ్ళే అంటాయి. అమెరికా చరిత్రను దేవుని నడిపింపుగా చెప్తాయి. కొన్ని కథోలికుల గురించి కటువుగా రాస్తాయి. మీకు అదే కావాలనుకుంటే సంతోషం. తెలియక కొనడం వేరు, తెలిసి కొనడం వేరు. కొనేముందు ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు, చరిత్ర పుస్తకాలు తెప్పించుకుని మూడు చోట్ల తెరవండి: శిలాజాల పాఠం, బానిసత్వం గురించిన పాఠం, ఇండియా గురించిన పేజీ. మొదటి తరగతి పుస్తకంలో ఆపిల్ పండు బొమ్మ చూసి నిర్ణయించుకోవద్దు. ఆపిల్ అందరి పుస్తకాల్లోనూ ఒకేలా ఉంటుంది.

మధ్యలో ఆపాల్సి వస్తే? వీసా, ఉద్యోగం, ఆరోగ్యం, లేదా అమ్మకు ఇక చాతకాకపోవడం. వీటిలో ఏదైనా రావచ్చు. మళ్ళీ బడిలో వేసినప్పుడు పిల్లవాడు తరగతితో కలవగలగాలి. ఇండియా వెళ్ళిపోయే అవకాశం ఉన్నవాళ్ళకు ఈ ప్రశ్న రెండింతలు బరువు. దాని సంగతి కింద చెప్తాను.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్తా. ఉచితం నుంచి పిల్లవాడికి ఏడాదికి వెయ్యి డాలర్లు దాటేదాకా ఉంది. పాత పుస్తకాల బజార్లు బాగా నడుస్తాయి. టెక్సస్‌లో 2025లో వచ్చిన చట్టంతో 2026-27 నుంచి ఇంట్లో చదివే పిల్లలకు ఏడాదికి 2,000 డాలర్ల దాకా ప్రభుత్వ ఖాతా సాయం ఉంది. నిధికి పరిమితి ఉంది కాబట్టి అడిగిన అందరికీ వస్తుందనుకోకండి.

## ఇక ఒక్కొక్కటి

### అబెకా

ఫ్లోరిడాలోని పెన్సకోలా క్రిస్టియన్ కాలేజీ వాళ్ళ పుస్తకాలు, 1972 నుంచి ఉన్నాయి. మన కాన్వెంట్ చదువు గుర్తొస్తుంది: ధ్వనులతో చదవడం నేర్పించడం, రోజూ పునశ్చరణ, కంఠస్థం, డ్రిల్లు, వారం వారం పరీక్ష. రెండో తరగతి పిల్లవాడు పక్క బడి పిల్లలకంటే ముందే ఉంటాడు. తెలుగు తల్లిదండ్రుల మనసు ఇక్కడే కరిగిపోతుంది. బైబిలు కింగ్ జేమ్స్ అనువాదం.

నిజమైన తరగతి గదిలో తీసిన వీడియో పాఠాలు కూడా అమ్ముతారు. ఇది తల్లి భారం సగానికి సగం తగ్గిస్తుంది. వీడియో పద్ధతి ఎవరిదైనా సరే, ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. మా వాడు ఒక ఏడాది అలా చదివాడు. తెర మీద టీచర్ గుడ్ మార్నింగ్ అంటే వీడూ లేచి గుడ్ మార్నింగ్ అనేవాడు. అక్టోబరు వచ్చేసరికి ఆ తరగతిలోని పిల్లల పేర్లన్నీ వీడికి వచ్చు. ముందు బెంచీలో అమ్మాయి చెయ్యెత్తితే "ఆ పిల్ల ఎప్పుడూ తప్పే చెప్తుంది మమ్మీ" అనేవాడు. వాళ్ళకు మాత్రం వీడెవడో తెలియదు. వీడు చెయ్యెత్తినా ఎవరూ పిలవరు. నాకు ఆ దృశ్యం నచ్చలేదు, వాడికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

ఎవరికి కుదరదంటే: కుదురుగా కూర్చోలేని పిల్లలకు, ఇచ్చిన ప్రతి పేజీ పూర్తి చేయకపోతే నిద్రపట్టని తల్లులకు. పేజీలు చాలా ఎక్కువ. సగం వదిలేయొచ్చని మూడో ఏడాదికి గానీ ఎవరికీ ధైర్యం రాదు.

### బీజేయూ ప్రెస్

సౌత్ కరొలైనా గ్రీన్‌విల్‌లోని బాబ్ జోన్స్ యూనివర్సిటీ వాళ్ళది. అబెకా పక్కనే పెట్టి చూస్తే ఇందులో 'ఎందుకు' అనే ప్రశ్న ఎక్కువ. గణితంలో పద్ధతి వివరిస్తారు, సైన్సులో ప్రయోగాలు బాగుంటాయి. టీచర్ పుస్తకం బండెడు. చదివి, సిద్ధపడి చెప్పాలి. వీడియోలు వీళ్ళకూ ఉన్నాయి.

మనలాంటివాళ్ళు తెలుసుకోవాల్సిన చరిత్ర ఒకటుంది. ఈ యూనివర్సిటీ 1971 దాకా నల్లజాతి విద్యార్థులను చేర్చుకోలేదు. జాతులు కలిసి ప్రేమించుకోవడం మీద నిషేధం పెట్టినందుకు పన్ను మినహాయింపు పోయింది, 1983లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. నిషేధం ఎత్తేసింది 2000లో, క్షమాపణ చెప్పింది 2008లో. ఇవాళ్టి పుస్తకాలు ఆనాటివి కావు. నేను తెలిసిన చెల్లెళ్ళకు ఈ సెట్ సిఫారసు చేశాను కూడా. అయినా గోధుమరంగు పిల్లల చేతిలో పెట్టే చరిత్ర పుస్తకం ఎవరింటి నుంచి వచ్చిందో అమ్మానాన్నలకు తెలిసి ఉండాలి.

### ఏసీఈ

పూర్తి పేరు యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్, 1970లో టెక్సస్‌లో డోనాల్డ్ హోవర్డ్ మొదలుపెట్టింది. మన దేశంలోనూ కొన్ని క్రైస్తవ బడులు దీన్ని వాడతాయి కాబట్టి మీలో కొందరు ఈ 'పేస్'లు చూసే ఉంటారు. సబ్జెక్టుకు ఏడాదికి పన్నెండు సన్నని పుస్తకాలు. పిల్లవాడు తనంతట తాను చదివి, ఖాళీలు పూరించి, జవాబుల పుస్తకం చూసి తానే దిద్దుకుని, పరీక్ష రాసి, పాసైతే తర్వాతి పుస్తకానికి వెళ్తాడు. సందేహం వస్తే బల్ల మీద చిన్న జెండా నిలబెడతాడు. ముగ్గురు నలుగురు వేర్వేరు తరగతుల పిల్లలున్న ఇంట్లో, టీచింగ్ అనుభవం బొత్తిగా లేని తల్లికి, ఇంతకంటే సులువైంది లేదు. వెనకబడిన చోట నుంచి మొదలుపెట్టొచ్చు, అదీ మంచిదే.

కానీ ఖాళీలు పూరించడం చదువు కాదు. పేజీ వెనక్కి తిప్పితే అదే వాక్యం ఉంటుంది, అందులోంచి ఒక మాట తీసి ఇక్కడ పెడితే చాలు. తెలివైన పిల్లవాడు వారంలో ఈ కిటుకు పట్టేస్తాడు. సొంతంగా ఒక పేజీ వ్యాసం రాయమంటే మాత్రం తెల్లమొహం వేస్తాడు. గణితానికి, వ్యాకరణానికి పనికొస్తుంది. చరిత్రకు, సాహిత్యానికి, హైస్కూలు సైన్సుకు దీని మీదే ఆధారపడమని నేను చెప్పను.

### క్లాసికల్ కాన్వర్సేషన్స్

1947లో ఇంగ్లీషు రచయిత్రి డొరోతీ సేయర్స్ ఆక్స్‌ఫర్డులో ఒక ప్రసంగం చేసింది. పిల్లలు మొదట కంఠస్థం చేస్తారు, తర్వాత వాదిస్తారు, ఆ తర్వాత చక్కగా చెప్తారు, చదువు కూడా ఆ క్రమంలోనే సాగాలి అంది. అమెరికా క్రైస్తవ క్లాసికల్ చదువంతా ఆ విత్తనంలోంచి మొలిచిన చెట్టు. 1997లో నార్త్ కరొలైనాలో లీ బోర్టిన్స్ దాన్ని ఒక వారపు కూడికలాగా మలిచింది. వారానికి ఒక రోజు కుటుంబాలు ఒక చర్చిలో కలుస్తాయి. పిల్లలు చరిత్ర కాలక్రమం, లాటిన్ విభక్తులు, దేశాల రాజధానులు, ఎక్కాలు పాటలుగా నేర్చుకుంటారు. ప్రతి పిల్లా ముందుకొచ్చి ఏదో ఒక విషయం మాట్లాడాలి. చిన్న తరగతుల్లో తల్లి లేదా తండ్రి అక్కడే ఉండాలి.

నేను ఇక్కడ కొంచెం పక్షపాతినే, ఒప్పుకుంటున్నా. పెద్దబాలశిక్ష చదివిన జాతికి కంఠస్థం కొత్త కాదు. మా అమ్మాయి లాటిన్ విభక్తులు పాడుతుంటే మా ఆయన వంటగదిలోంచి డు, ము, వు, లు అందుకునేవారు. వేమన పద్యాలు, కంఠత వాక్యాలు అదే జేబులో అదే వరసలో పడతాయి. అన్నిటికంటే పెద్ద లాభం మనుషులు. వారంలో ఆరు రోజులు ఇంట్లో ఉన్న పిల్లకు ఏడో రోజు ఎనిమిదిమంది స్నేహితులు దొరుకుతారు. తల్లికి కూడా.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫీజుతోపాటు పుస్తకాలు, సరంజామా. పెద్ద తరగతులకు వెళ్ళేకొద్దీ ఖర్చు బాగా పెరుగుతుంది. చిన్న తరగతులకు గణితం మీరే వేరే చూసుకోవాలి. కంఠస్థం చేసిందాన్ని ఇంట్లో విప్పి చెప్పకపోతే పాట పాటగానే మిగిలిపోతుంది. ట్యూటర్ మంచిదైతే కూడిక మంచిది, కాకపోతే కాదు. అందుకని చేరేముందు ఒక రోజు వెళ్ళి వెనక కుర్చీలో కూర్చోండి. హెచ్-4 (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉన్న అక్కచెల్లెళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. మీ పిల్లలకు మీరు చదువు చెప్పుకోవడం ఉద్యోగం కాదు. కానీ ఇక్కడ ట్యూటర్‌గా డబ్బు తీసుకుంటే అది ఉద్యోగమే. ఈఏడీ, అంటే పని చేసే అనుమతి కార్డు, లేకుండా ఒప్పుకోవద్దు, ఎంత ప్రేమగా అడిగినా సరే.

### షార్లెట్ మేసన్ పద్ధతి

హేయర్ గుంటూరులో దిగిన 1842లోనే బ్రిటన్‌లో పుట్టిన ఆంగ్లికన్ టీచరమ్మ షార్లెట్ మేసన్. 1923లో చనిపోయింది. 1980ల్లో అమెరికా క్రైస్తవ తల్లులు ఆమెను మళ్ళీ వెతికి పట్టుకున్నారు. చిన్నపిల్లలకు పాఠం పదిహేను, ఇరవై నిమిషాలు మించకూడదు. ఎండు పాఠ్యపుస్తకం బదులు ప్రాణమున్న పుస్తకం. ఒక్కసారే చదివి వినిపించి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనడం. రోజూ బయట తిరగడం, చూసిన ఆకునో పిట్టనో నోట్‌బుక్‌లో గీయడం. చూచిరాత, డిక్టేషన్. యాంబుల్‌సైడ్ ఆన్‌లైన్ అనే ఉచిత ప్రణాళికలో పన్నెండేళ్ళ చదువుకూ వారం వారం ఏం చదవాలో ఉంది. చాలా పుస్తకాలు కాపీరైటు తీరినవి కాబట్టి ఉచితంగానే దొరుకుతాయి.

మేం చివరికి ఆగింది ఇక్కడే, కారణం తెలుగు. చెప్పించడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పమంటాను. మా అబ్బాయి ఎనిమిదేళ్ళప్పుడు యోనా కథ చెప్తూ, "దేవుడు ఒక పెద్ద చేపని ఎరేంజ్ చేశాడు, అది యోనాని గుటుక్కున మింగేసింది" అన్నాడు. గుటుక్కున అనే మాట వాడికెక్కడిదో నాకు తెలియదు. చూచిరాతకు తెలుగు బైబిల్లోని ఇరవై మూడో కీర్తన రోజుకు ఒక వాక్యం రాయించాను. ఒత్తులు కుదరడానికి రెండు నెలలు పట్టింది.

కష్టాలు చెప్పకపోతే మోసం చేసినట్టు. వారం వారం పరీక్షలుండవు, మార్కులుండవు. పిల్లవాడికి వచ్చిందో లేదో తల్లి చెవికే తెలియాలి. తండ్రి సాయంత్రం వచ్చి "ఈరోజు ఎన్ని పేజీలు?" అంటే చూపించడానికి ఒక పిట్ట బొమ్మ ఉంటుంది. పాత పుస్తకాల్లో సామ్రాజ్యపు గర్వం ఎక్కడో అక్కడ కనిపిస్తుంది. ఇండియా ప్రస్తావన వచ్చినచోట ఆగి మన కథ మనం చెప్పుకోవాలి. గణితం తప్పనిసరిగా వేరే తీసుకోవాలి.

### సన్‌లైట్

1990లో కొలరాడోలో మొదలైంది, విదేశాల్లో ఉన్న మిషనరీ కుటుంబాలు మొదటి పాఠకుల్లో ఉన్నాయి. పుస్తకాలన్నీ పెట్టెలో వస్తాయి, ఏ రోజు ఏ పేజీ చదవాలో టీచర్ గైడులో రాసి ఉంటుంది. షార్లెట్ మేసన్ రుచి కావాలి, ప్రణాళిక వేసుకునే ఓపిక లేదు అనేవాళ్ళకు సరిగ్గా సరిపోతుంది. ప్రపంచ దేశాల మీద చూపు ఎక్కువ. భూమి వయసు దగ్గర ఒక్క అభిప్రాయానికే కట్టిపడేయదు. కొన్ని గట్టి సంఘాలకు అదే గిట్టదు. గొంతెత్తి చదివి వినిపించేది చాలా ఎక్కువ. జలుబు చేసిందంటే బడి బంద్.

## పక్కపక్కన పెడితే

| పద్ధతి | పెద్దవాళ్ళ సమయం | ఖర్చు | సిద్ధాంతం | రికార్డులు | మళ్ళీ బడికి వెళ్ళడం |
|---|---|---|---|---|---|
| అబెకా | మధ్యస్థం, వీడియోతో తక్కువ | ఎక్కువ, వీడియోతో వెయ్యి దాటుతుంది | చాలా గట్టి | బాగా | సులువు |
| బీజేయూ | ఎక్కువ, వీడియోతో మధ్యస్థం | ఎక్కువ | చాలా గట్టి | బాగా | సులువు |
| ఏసీఈ | తక్కువ | తక్కువ, మధ్యస్థం | చాలా గట్టి | బాగా | గణితంలో సులువు, రాతలో కష్టం |
| క్లాసికల్ కాన్వర్సేషన్స్ | ఎక్కువ, వారంలో ఒక రోజు బయట | వయసుతో పెరుగుతుంది | గట్టి, కూడికను బట్టి | మీరే చూసుకోవాలి | గణితం బాగుంటే పర్లేదు |
| షార్లెట్ మేసన్ | చాలా ఎక్కువ | నామమాత్రం | మీ చేతిలో | మీరే చూసుకోవాలి | చిన్నప్పుడు కొంత తడబాటు |
| సన్‌లైట్ | ఎక్కువ | ఎక్కువ | మధ్యస్థం | గైడు సాయం చేస్తుంది | పర్లేదు |

ఒకే పెట్టె కొనాలని రూలేమీ లేదు. గణితానికి సాక్సన్ లేదా సింగపూర్ మ్యాథ్, సైన్సుకు అపోలోజియా, చరిత్రకు ఇంకోటి అని కలుపుకునేవాళ్ళే నాకు తెలిసినవాళ్ళలో ఎక్కువ. మొదటి ఏడాది మాత్రం అలా కలపకండి. వంట రానివాళ్ళు విందు చేసినట్టు ఉంటుంది.

## మీది ఏ ఇల్లు?

అమ్మ ఇంట్లో ఉంది, ఇద్దరు చిన్నపిల్లలు. ఆరేళ్ళ లోపైతే ఏమీ కొనకండి. లైబ్రరీ కార్డు, చదవడం నేర్పే ఒక పుస్తకం, తెలుగు అక్షరాల పలక. తర్వాత మీ స్వభావాన్ని బట్టి షార్లెట్ మేసనో, సన్‌లైటో.

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు. వీడియో పాఠాలు, నానమ్మ కాపలా అని ఒక ఉపాయం చెలామణిలో ఉంది. ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చిన నానమ్మను అమెరికన్ ఇంగ్లీషు వ్యాకరణం దగ్గర కూర్చోబెట్టడం ఆవిడకూ అన్యాయం, పిల్లకూ అన్యాయం. మీకు నా సలహా క్రైస్తవ బడి. స్తోమత లేకపోతే ప్రభుత్వ బడి, ఇంట్లో రోజూ కుటుంబ ప్రార్థన, సండే స్కూల్. ఇంట్లో కూర్చున్నప్పుడూ దారిలో నడిచేటప్పుడూ పిల్లలకు వాక్యం చెప్పమన్న ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయాన్ని హోమ్‌స్కూల్ సభల్లో అందరూ ఎత్తి చూపుతారు. బడికి పంపే ఇంట్లో కూడా సాయంత్రాలుంటాయి, కారు ప్రయాణాలుంటాయి.

డాక్టర్ కావాలనుకునే పిల్ల. తొమ్మిదో తరగతి నుంచి జీవశాస్త్రం విషయంలో దాపరికం వద్దు. మీరు పరిణామవాదం నమ్మకపోయినా ఆ పిల్ల దాన్ని పరీక్షలో రాసేంత క్షుణ్ణంగా చదవాలి. కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ (హైస్కూలుకూ కాలేజీకీ లెక్కకొచ్చే) కోర్సులు, ల్యాబుతో సహా తీసుకోండి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షలు రాయాలంటే బయటి పిల్లల్ని ఒప్పుకునే బడిని ముందు ఏడాదే వెతుక్కోవాలి. ట్రాన్స్‌క్రిప్ట్, అంటే హైస్కూలు నాలుగేళ్ళ మార్కుల పట్టిక, తయారుచేసేది మీరే. పదకొండో తరగతిలో కూర్చుని నాలుగేళ్ళవి గుర్తు తెచ్చుకోవడం నరకం, ఏ ఏటివి ఆ ఏడే రాయండి.

కథోలిక కుటుంబం. ఫిరంగిపురం వైపు నుంచి వచ్చిన ఒకావిడ అబెకా చరిత్ర పుస్తకం కొనబోతూ అడిగింది. వద్దన్నాను. వర్జీనియా ఫ్రంట్ రాయల్‌లోని సెటన్ హోమ్ స్టడీ లాంటి కథోలిక సంస్థలు ఉన్నాయి, అటు చూడండి.

ఇండియా తిరిగి వెళ్ళొచ్చు. అబెకా, బీజేయూ లాంటి తరగతులవారీ పుస్తకాలు, వీలైతే గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ బడి ద్వారా తీసుకోండి, చేతిలో మార్కుల కాగితం ఉంటుంది. ఎనిమిదో తరగతిలోపు వెళ్తే వయసుకు తగ్గ తరగతిలో చేర్చడానికి విద్యాహక్కు చట్టం దారి ఇస్తుంది. తొమ్మిది దాటాక ప్రైవేటు బడుల్లో టీసీ దగ్గర బండి ఆగుతుంది. అప్పుడు ఎన్ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్ ఉంది: పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతి పరీక్ష రాయొచ్చు. ఇంకొకటి చాలామందికి తెలియదు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల్లోనూ తెలుగు నేర్పాలి. 'ఇంట్లో మాట్లాడతాడులే' అనుకుంటే అక్కడ గుణింతాల దగ్గర ఏడుపు మొదలవుతుంది.

## ఎవరూ చెప్పని సంగతులు

హోమ్‌స్కూల్ సభల్లో సాక్ష్యాలన్నీ గెలిచినవాళ్ళవే. ఇంట్లో చదివి పెద్దవాళ్ళైన పిల్లలే కొందరు 2013లో ఒక సంస్థ పెట్టి, పిల్లల రక్షణకు చట్టాలు గట్టిపడాలని అడుగుతున్నారు. వాళ్ళు చెప్పేవాటిలో రెండు మన సంఘాల్లోనూ కనిపించాయి నాకు. ఆడపిల్లకు ఎనిమిదో తరగతి తర్వాత లెక్కలు సడలిపోవడం, "ఎలాగూ ఇల్లే కదా చూసుకునేది" అని. అలాంటి మాట మీ ఇంట్లో ఎవరి నోట వచ్చినా, ఆ పిల్లను రేపే బడిలో వేయండి. రెండోది, పిల్లలకు తల్లిదండ్రులు, పాస్టరుగారు కాక వేరే పెద్దమనిషి ఒక్కరూ లేకపోవడం. ఈత మాస్టారో, లైబ్రరీ మేడమో, వారం వారం ఆ పిల్లను పేరుపెట్టి పలకరించే బయటి మనిషి ఒకరుండాలి.

ఇంకో చిన్న పని. ప్రభుత్వ బడిలో ఉన్న పిల్లల్ని తీసేటప్పుడు ఊరికే మానేయకండి. ఫలానా తేదీ నుంచి ఇంట్లో చదివిస్తున్నామని రెండు వాక్యాల ఈమెయిల్ రాసి, కాపీ ఉంచుకోండి. లేకపోతే గైర్హాజరు నోటీసులు మొదలవుతాయి. మాకు తెలిసిన ఒక కుటుంబం ఆ ఈమెయిల్ రాయక మూడు వారాలు ఫోన్లకు జవాబులు చెప్పుకుంది. మొదలుపెట్టేది కూడా ఆగస్టులో కాదు, జూన్‌లో. ఆరు వారాలు, లైబ్రరీ పుస్తకాలతో, పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా. పాత అలవాట్లు, తగువులు, ఎవరికెంత ఓపిక ఉందో అన్నీ ఆ ఆరు వారాల్లో బయటపడతాయి, పైసా ఖర్చు లేకుండా.

మా ఇంట్లో అయిదో తరగతి సాక్సన్ గణితం సెట్టు ఒకటి ఖాళీగా ఉంది. పెన్సిల్‌తో రాసినవన్నీ చెరిపి పెట్టాను, నలభయ్యో పాఠం దగ్గర టీ మరక ఒకటి మాత్రం పోలేదు. మన సంఘంలో ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఆదివారం తెస్తాను.